అందరికీ ఒకటే పిడి

గున్‌వోర్ పేల్చిన తూటాల్లో ఒక్కటి కూడా లక్ష్యం అట్టమీది నల్ల వలయంలో పడలేదు. అన్నీ ఎడమ పక్కకే పోయాయి. పాలపళ్ళు ఊడే వయసు నుంచీ ఊరి రైఫిల్ క్లబ్బులో కాలుస్తున్న మనిషి ఆమె! పిస్తోలు ఖాళీ చేసి, లోపల తూటా లేదని చూపించి, బల్ల మీద పెట్టింది.

"తప్పావు గున్‌వోర్," అన్నాడు మేజర్ హౌకోస్, బైనాక్యులర్స్ దించుతూ. "పాపం, పిస్తోలు మంచిదే, నీకే గురి కుదరట్లేదు."

అది మామూలు పరీక్ష కాదు. సైన్యం పాత పిస్తోళ్ళు పక్కన పడేసి కొత్తవి కొనబోతోంది. ఏది కొనాలో కాల్చి తేల్చే కమిటీకి హౌకోస్ పెద్ద, అందులో గున్‌వోర్ ఒక్కతే ఆడమనిషి. వడపోతలన్నీ అయ్యాక ఒక నల్లదీ ఒక మట్టిరంగుదీ మిగిలాయి. నల్లదాన్ని ముందురోజే కాల్చి చూశారు; గ్లోమా నది పక్కనున్న ఆ శిబిరంలో ఆ వేళ మట్టిరంగుదానితో ఆఖరి కాల్పులు. మంచులో రెండుసార్లు నిలబడడం ఎందుకని, ఏటా జరిగే గురి పరీక్షని కూడా మేజర్ అందులోనే కలిపేశాడు.

గున్‌వోర్ వైద్యదళంలో సార్జెంటు. గాయపడ్డవాణ్ణి ఎత్తాల్సిన చేతులకి రైఫిల్ అడ్డం కాబట్టి అంబులెన్సువాళ్ళ ఆయుధం పిస్తోలే. గురి తప్పితే అంబులెన్సు ఎక్కనివ్వరు. ఇక స్టోర్సులో దుప్పట్లు మడతపెట్టుకుంటూ కూర్చోవాలి. అంబులెన్సు తప్ప ఆమెకి వేరే లోకం లేదు.

అసలు మట్టిరంగు పిస్తోలు గొప్పంతా పిడిలోనే ఉంది. పిడి వెనక భాగం ఊడదీసి మార్చుకోవచ్చు. చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు ముక్కలు ఇస్తారు. ఎవరి చేతికి సరిపడేది వాళ్ళు బిగించుకోవాలి, చిటికెలో పని. మరి మనవాళ్ళు చేసిందేమిటి? కమిటీ కూర్చుని వాఫుల్స్ తింటూ న్యాయం గురించి మాట్లాడుకుంది. ఒకరికి చిన్నదీ ఒకరికి పెద్దదీ ఇస్తే పోలికెలా కుదురుతుంది, అందరికీ ఒకటే ఉండాలి అనుకున్నారు. చేతులెత్తి ఓట్లు వేసుకున్నారు. ఎత్తినవన్నీ చేటల్లాంటి చేతులాయె, పెద్ద ముక్కే నెగ్గింది! ఆ సమయానికి గున్‌వోర్ కాలు విరిగిన సైనికుణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉంది.

అందరూ సమానమేననే ఆ చలిదేశంలో, నాకు వేరేగా కావాలని నోరు తెరవడం క్యూలో ముందుకి దూరినంత సిగ్గుచేటు. అయినా ఆమె అడిగింది.

"మేజర్ గారూ, ఈ పిడి నా చేతిలో ఇమడట్లేదు. ట్రిగ్గర్‌కి వేలి కొస తప్ప ఆనట్లేదు, నొక్కగానే పక్కకి తోసేస్తోంది. చిన్న ముక్క వేసుకోనివ్వండి, మళ్ళీ కాలుస్తా."

"అందరూ కాల్చింది దీంతోనే కదమ్మా. నీ ఒక్కదానికి వేరే పెడితే మిగతావాళ్ళకి అన్యాయం చేసినట్టు కాదూ?"

ఎంత మెత్తగా అన్నాడో! పైగా మనసారా నమ్మి అన్నాడు. ఒళ్ళు మండిపోయింది గున్‌వోర్‌కి. తిట్టినా ఇంత మండేది కాదు.

భోజనాల వేళ అంబులెన్సు డ్రైవరు ఐలెర్ట్ పక్కన చేరాడు. "పోనీలేవే. దుప్పట్లు బాగానే మడతపెడతావుగా."

"నోర్ముయ్‌రా. కడుపు మండి నేనుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

"సర్లే, విను. ఆయన్ని బతిమాలితే లాభం లేదు. న్యాయం అడుగు. న్యాయమంటే చెవి కోసుకుంటాడు."

గున్‌వోర్ చేతిలో రొట్టె కింద పెట్టింది. లేచి తిన్నగా మేజర్ ముందుకెళ్ళి నిలబడింది. "అందరికీ ఒకటే అన్నారుగా. సరే. పొద్దున్న అందరం పెద్దదాంతో కాల్చాం. ఇప్పుడు అందరం చిన్నదాంతో కాలుద్దాం. అదీ ఒకటేగా మరి?"

బ్రౌన్ చీజ్ రొట్టె నములుతున్న మేజర్ ఆగిపోయాడు. ఆమె మాటని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు, తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. మళ్ళీ చేతులెత్తారు. ఈసారి చిన్న ముక్క నెగ్గింది.

మధ్యాహ్నం గున్‌వోర్ వంతు చివరన వచ్చింది. ముందు ఆ మహాకాయులు ఒక్కొక్కరే వెళ్ళారు. చిన్న పిడి వాళ్ళ గుప్పిట్లో కనబడకుండా పోయింది. ట్రిగ్గర్ మీదికి వేలు రెండో కణుపుదాకా దూరిపోతోంది, నొక్కితే తూటా కుడి పక్కకి పోతోంది. ఒకడు గాలిని తిట్టాడు, ఒకడు చేతి తొడుగుల్ని తిట్టాడు. మేజర్ తూటాలైతే లక్ష్యం అట్టనే తాకకుండా వెనకున్న మంచుగుట్టలో దిగబడ్డాయి.

"ఈ పిస్తోలులోనే ఏదో తేడా ఉంది," అన్నాడాయన, దాన్ని ఎగాదిగా చూస్తూ. అందర్నీ కాఫీ ఫ్లాస్కుల దగ్గరికి పిలిచాడు. "ఇది పద్ధతి కాదు. ఎవరి చేతికి తగ్గది వాళ్ళు బిగించుకోవాలి. మూడు ముక్కలు ఇచ్చింది ఊరికేనా?" అందరూ బుద్ధిగా తలలూపారు.

అమ్మయ్య, జ్ఞానోదయమైంది! పొద్దున్న ఒకత్తి ఇదే మాట మొత్తుకుంటే అన్యాయం, అదే మగాళ్ళంతా తప్పేసరికి పద్ధతి! గున్‌వోర్‌కి రక్తం మరిగిపోయింది. కానీ కోపంతో గురి కుదరదు. పళ్ళు బిగించి ముందుకెళ్ళింది.

చిన్న పిడి అరచేతిలో ఒదిగింది. రెండో చెయ్యి మొదటిదాన్ని చుట్టింది. వేలి మెత్తని భాగం ట్రిగ్గర్ మీద సరిగ్గా కూర్చుంది. ఊపిరి సగం వదిలి, ముందున్న గురిముల్లు మీదే కన్నుంచి, మెల్లగా నొక్కింది. పిస్తోలు ఎగిరింది, తిరిగి అక్కడికే వచ్చి ఆగింది. తూటాలన్నీ అయ్యేసరికి నల్ల వలయం నడుమ బొక్కలన్నీ అరచేత్తో కప్పేయగలిగేంత దగ్గరగా పడ్డాయి.

ఐలెర్ట్ ఈల వేశాడు. మేజర్ తొడుగు తీసి చెయ్యి కలిపాడు. "నెగ్గావు. అంబులెన్సు నీదే." తర్వాత కమిటీవైపు తిరిగి ముఖమంతా నవ్వుతో అన్నాడు. "చూశారా? ఇంతకన్నా మంచి పిస్తోలు ఎక్కడ దొరుకుతుంది! గున్‌వోర్ చేత కూడా కొట్టించింది. దీన్నే తీసుకుందాం."

చప్పట్లు మోగాయి.

గున్‌వోర్ పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టింది. "మేజర్ గారూ, పొద్దున్న నేను తప్పితే తప్పు నాదన్నారు. ఇందాక మీరు తప్పితే తప్పు పిస్తోలుదన్నారు. ఇప్పుడు నేను కొడితే గొప్ప పిస్తోలుదంటున్నారు. ఒక్కసారైనా నన్ను మెచ్చుకోవడానికి మీకు నోరు రాదా?"

చప్పట్లు ఆగిపోయాయి. మేజర్ తొడుగు తొడుక్కుంటూ, "కాఫీ చల్లారుతోంది, రండి రండి," అన్నాడు అందరితో.

అందరూ వెళ్ళారు. గున్‌వోర్ కదల్లేదు, జవాబు కోసం బల్ల దగ్గరే నిలబడింది.