మా మిద్దె మీద దేవుడు లేడు

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా మా అంగడి. కర్పూరం, అగరుబత్తి, పసుపు, కుంకుమ, వత్తులు, నెయ్యి, టెంకాయలు, తులసి మాలలు. టోకుకూ ఇస్తాం, చిల్లరకూ ఇస్తాం. ముప్పై ఏళ్లుగా దేవుణ్ణి నమ్ముకునే బతుకుతున్నాను. నేను నమ్మడం కంటే జనం నమ్మడం నాకు ముఖ్యం.

అంగడి పైన మిద్దె, మిద్దె మీద ఇనుప చట్రం. ఇరవై అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. దానికి రెండు ముఖాలు. ఒకటి ఉదయగిరి నుంచి వచ్చే బస్సులకు కనిపిస్తుంది, రెండోది నెల్లూరు నుంచి వచ్చే బస్సులకు. ఏదో కాలేజీ వాళ్లు రెండేళ్లు ప్రకటన పెట్టుకుని, పిల్లలు చేరక కాలేజీతో పాటు ప్రకటనా ఎత్తేశారు. అప్పటి నుంచి చట్రం ఖాళీ. ఖాళీ చట్రాన్ని చూస్తే నాకు ఖాళీ బస్తాను చూసినట్టు ఉంటుంది. చోటు ఆక్రమిస్తుంది, బరువు తూగదు.

అక్టోబరు మొదట్లో ఒక పొద్దున దయాసాగర్ సార్ ఉదయగిరి బస్సు దిగి నేరుగా అంగట్లోకి వచ్చారు. ఉదయగిరి హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన సార్ ఆయన. పుట్టినప్పుడు పెట్టిన పేరు వెంకటసుబ్బయ్య. అందులో ఇద్దరు దేవుళ్లు ఉన్నారని చదువుకునే రోజుల్లోనే మార్చుకున్నారు. ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. మోకాళ్లు అరిగాయి, గొంతు అరగలేదు.

"ఏరా రమణయ్యా, ఆ పైన చట్రం ఖాళీయేనా?"

"ఖాళీయే సార్. ఎవరికి?"

"మా హేతువాద మండలికి." జేబులోంచి కాగితం తీసి గల్లాపెట్టె మీద పరిచారు. దాని మీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: దేవుడు లేడు. చెరువు పూడిక మనమే తీసుకోవాలి.

కుంకుమ బేరం చేస్తున్న ఒక ఆమె తొంగి చూసింది. నేను కాగితం మీద అగరుబత్తి పెట్టె పెట్టాను.

"సార్, ఇది ఏం అంగడో చూసినారు గదా?"

"చూసినాను గాబట్టే వచ్చినాను. మేం చెప్పాల్సిన జనం అంతా నీ దగ్గరికే గదా వచ్చేది. గిరాకీ ఉన్నచోట సరుకు పెట్టాలని ఎవరన్నా చెప్పాల్నా నీకు?"

వ్యాపారం నాకంటే ఆయనకే బాగా తెలుసనిపించింది. కాదందామంటే ఆయన రుణం ఉంది. పదో తరగతిలో లెక్కల్లో నేను తప్పితే నెల రోజులు వాళ్ల వరండాలో కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా నేర్పిన మనిషి. ముప్పై ఏళ్లలో నన్నేమీ అడగలేదు. అడిగిన మొదటి మాట ఇది. మా వ్యాపారంలో మాట ఇవ్వడం సరుకు తూచినట్టు. కాటా దిగాక మళ్లీ బస్తాలో పోసుకోకూడదు.

"మూడు నెలలకు ఇస్తాను సార్," అన్నాను.

నా అంచనా నాకుంది. ఫోనుల్లోంచి తల ఎత్తి పైకి చూసే ప్రయాణికులు ఎంతమంది? చూసినా మొహాల కోసం చూస్తారు గానీ వట్టి అక్షరాలు ఎవరు చదువుతారు? ఎవరికీ తెలియకుండా మూడు నెలలు గడిచిపోతాయి, సార్ రుణం తీరుతుంది. ఆ మూడు నెలల్లో కార్తీకమాసం ఉందని అప్పుడు గుర్తు రాలేదు. లెక్కల్లో మళ్లీ తప్పాను.

అక్టోబరు ఆఖరుకు ఫ్లెక్సీ తయారైంది. వేసింది హరిప్రసాద్. ఆత్మకూరులో పుట్టినరోజైనా, పార్టీ మీటింగైనా, దినకర్మైనా అతని మిషను మీదే అచ్చవుతుంది. చట్రం ఎక్కి కట్టేవాడు మస్తాన్. తెల్లవారి ఆరు గంటలకే వచ్చి, టెంకాయ ఇమ్మని చేయి చాచాడు.

"దీనికి వద్దులే మస్తానూ. సార్ ఒప్పుకోరు," అన్నాను.

"టెంకాయ కొట్టకుండా నేను ఎక్కను శెట్టీ. పోయినసారి కొట్టకుండా ఎక్కి ఆరు నెలలు మంచాన పడినాను."

"దేవుడు లేడని రాసి ఉండాది గదరా దాని మీద!"

"దేవుడు లేకపోతే పర్లేదు. చట్రం ఉండాది గదా, దానికి కొడతాను."

ఇచ్చాను. ఇనుప కాలికేసి కొట్టాడు, దండం పెట్టాడు, ఎక్కాడు. పైమూలలు రెండూ కట్టి, ఫ్లెక్సీ చుట్టను వదిలాడు. ఫ్లెక్సీ కిందికి జారి విప్పుకుంది. రోడ్డు మీద నిలబడి చూస్తున్న నాకు మొదట కనిపించింది అక్షరాలు కాదు. నడిమధ్య, పైన, రెండడుగుల వెడల్పున, ఎర్రటి పంచె కట్టుకుని, చేతిలో లడ్డూతో చిరునవ్వు నవ్వుతున్న వినాయకుడు. ఆయన పాదాల కింద "దేవుడు లేడు."

హరిప్రసాద్‌కు ఫోన్ చేశాను.

"ఏంది సామీ అది? వినాయకుణ్ణి ఎందుకు పెట్టినావు?"

"నేనేడ పెట్టినాను? ఆయన ఉంటాడు. నా కంప్యూటర్లో ఏ ఫ్లెక్సీ మొదలుపెట్టినా పైన ఆయన ఉంటాడు, కింద మనం రాసుకోవడమే. పదేళ్ల నుంచీ అంతే."

"ఇది నాస్తికుల బోర్డు. తీసేసి ఇంకోటి వెయ్యి."

"వినాయకుణ్ణి డిలీట్ కొట్టమంటావా? నా చేత్తోనా? సాయంత్రం దాకా నా మిషన్ నడవాల్నా వద్దా?"

అప్పటికే బస్టాండులో జనం తలలెత్తారు. ఒక్క మొహం కూడా ఉండదు, ఎవరూ చూడరు అనుకున్న బోర్డుకు హరిప్రసాద్ అందరికంటే పెద్ద మొహం తగిలించాడు. అనంతసాగరం నుంచి షేర్ ఆటోలో దిగిన ఆడవాళ్లు వినాయకుణ్ణి చూసి చెంపలేసుకున్నారు. చదువుకున్న కుర్రాళ్లు కింద మాట చదివి ఫోటోలు తీశారు. తొమ్మిది గంటలకు ఆ ఫోటో చేజర్ల, కలిగిరి వాట్సాప్ గ్రూపులు తిరిగి మా ఆవిడ రాఘవమ్మ ఫోనుకు వచ్చింది. ఆమె వంటింట్లోంచి అట్లకాడతోనే అంగట్లోకి దిగింది.

"నెత్తిన దేవుడు లేడని పెట్టుకుని కింద కర్పూరం అమ్ముతావా? ఏం మనిషివయ్యా నువ్వు!"

"లేడని ఒక్కటే రాయలేదు. వినాయకుడు కూడా ఉన్నాడు," అన్నాను. అట్లకాడ నా వైపు తిరిగింది.

పది గంటల బస్సుకు సార్ వచ్చారు. బోర్డు చూసి రోడ్డు మధ్యలోనే నిలబడిపోయారు. వెనక లారీ వాడు హారన్ కొడుతున్నా కదల్లేదు.

"యాభై ఏళ్ల నా బతుకు మీద లడ్డూ పెట్టినారు గదరా! దేశమంతా నవ్వుతుంది. బ్లేడు తెప్పించు, ఆ బొమ్మ కోయించు."

మస్తాన్‌ను అడిగాను. "దేవుడి బొమ్మ మీద బ్లేడు పెట్టను. ఇంకెవర్నన్నా చూసుకో," అని బీడీ వెలిగించుకున్నాడు.

మధ్యాహ్నానికి కోటేశ్వర్ స్వామి వచ్చాడు. ఆయన ఊళ్లో అయ్యప్ప భక్తులకు గురుస్వామి. ఏటా నూరు మందికి పైగా మాల వేయించి శబరిమల తీసుకెళ్తాడు. వాళ్ల ఇరుముడిలోకి కావాల్సిన టెంకాయలు, నెయ్యి, కర్పూరం అన్నీ మా అంగట్లోవే. కార్తీకంలో నా వ్యాపారం సగానికి సగం ఆయన మాట మీద ఆధారపడి ఉంటుంది. వెనక ఈ ఏడు మాల వేసుకోబోయే స్వాములు పదిమంది నిలబడ్డారు.

"శెట్టీ, వినాయకుడి కాళ్ల కింద ఆ మాట రాయిస్తావా? ఎల్లుండి మాలలు వేసుకుంటాం. అప్పటికి ఆ మాట పోవాల. పోకపోతే నీ అంగట్లో కర్పూరం బిళ్ళ కూడా కొనం, నెల్లూరికి పోతాం."

"తీసేస్తే సరిపోతుందా స్వామీ?"

"తీసేస్తావా? వినాయకుడు ఉన్న ఫ్లెక్సీని చింపి కింద పడేస్తావా? చెయ్యి పడనీ చూస్తాం!"

ఉంచకూడదు, తీయకూడదు. అప్పటికే లారీ నిండా టెంకాయలు దించాను. గోదాము పట్టక వసారాలో కూడా పోశాను. బట్టలైతే ఏడాది ఆగుతాయి, ఇనుమైతే పదేళ్లు ఆగుతుంది. టెంకాయ ఎవరి వాదన తేలేదాకా ఆగదు. స్వాములు నెల్లూరికి పోతే ఆ గుట్ట అంతా కుళ్లి, మళ్లీ ఏడాది కార్తీకం దాకా నేను లేవలేను.

మర్నాడు గొడవ ఇంకా ముదిరింది. సార్ తరఫున కలిగిరి నుంచి హేతువాదులు దిగారు. నలుగురు మనుషులు, నినాదాలు రాసిన ఐదు అట్టలు. ఐదో అట్ట పట్టుకోవడానికి మనిషి లేక మా మెట్లకు ఆనించారు. ఇటువైపు స్వాములు తాళాలు తెచ్చి బోర్డు కింద భజన మొదలుపెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లు వచ్చిన దానికి ఒక టెంకాయ కొని అక్కడే కొట్టారు. నాస్తికుల బోర్డు కింద టెంకాయలు పగులుతుంటే సార్ చెవులు మూసుకున్నారు. నేను మాత్రం గుట్ట ఎంత తగ్గిందో చూశాను. తగ్గింది, కానీ చాలదు.

పాతిక కాయలు అమ్మాక నాకు ఒక సంగతి తట్టింది. ఒకే బట్టను ఇద్దరు పట్టుకుని లాగుతుంటే, ఎవరికి ఏ కొస కావాలో అడగాలి. సార్‌కు కావాల్సింది వినాయకుడు లేని మాట. స్వామికి కావాల్సింది ఆ మాట లేని వినాయకుడు. ఇద్దరికీ కావాల్సింది ఒక్కటే కోత.

ఇద్దర్నీ లోపలికి పిలిచి చెరొక స్టూలు వేశాను.

"స్వామీ, వినాయకుణ్ణి చింపకుండా, కింద పడకుండా, చక్కగా కోసి మీ చేతికి ఇస్తే?"

"ఎవరు కోస్తారు? ఆయన మీద బ్లేడు పెట్టే ధైర్యం ఆత్మకూరులో ఎవడికి ఉండాది?"

నేను సార్ వైపు చూశాను. స్వామి కూడా చూశాడు. సార్ తన మోకాళ్ల వైపు చూసుకున్నారు.

"ఎక్కుతాను," అన్నారు సార్.

"మరి ఆ మాట అట్టనే ఉంటుంది గదా?" అన్నాడు స్వామి.

"చట్రానికి రెండో ముఖం ఉండాది స్వామీ. మీకిస్తాను. ఉన్నాడని రాసుకోండి."

స్వామి స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "ఏ పక్క బస్సులు ఎక్కువ?"

"నెల్లూరు పక్క. అదే మీది."

"అంటే నాకు తక్కువ బస్సులు అంటగట్టినావన్నమాట!" అన్నారు సార్.

మిద్దె మీద నిచ్చెన వేశాం. మస్తాన్ తాకనన్నాడు. స్వాములు మాల వేసుకునే ముందు ఇందులో వేలు పెట్టేది లేదన్నారు. చివరికి నిచ్చెన కాళ్లు పట్టుకోవడానికి మిగిలింది కోటేశ్వర్ స్వామి ఒక్కడే. వినాయకుణ్ణి అందుకోవాల్సింది ఆయనే కదా. సార్ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే స్వామి పెదాలు కదులుతున్నాయి.

"ఏందయ్యా గొణుగుతుండావు?" అన్నారు సార్ పైనుంచి.

"మీ కోసమే సార్. మీరు పడకుండా."

"నా కోసం మొక్కొద్దు! నిచ్చెన గట్టిగా పట్టుకో, చాలు!"

"రెండూ చేస్తుండాను సార్, మీరు కిందికి చూడొద్దు!"

లెక్కల మాస్టారు కదా, స్కేలు వేసి కోశారు. నాలుగు గీతలు, నాలుగు మూలలు, దారపు పోగంత వంకర కూడా లేదు. చివరి మూల తెగేటప్పుడు గాలికి ముక్క రెపరెపలాడింది. రోడ్డు మీద జనమంతా ఒక్కసారిగా "సార్! సార్! పట్టుకోండి!" అని అరిచారు. సార్ రెండు చేతులతో వినాయకుణ్ణి గుండెకు అదుముకున్నారు. ఆ ఫోటోలు ఎంతమంది తీశారో చెప్పలేను. కలిగిరి నుంచి వచ్చిన నలుగురూ మాత్రం మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

"నలగనీకుండా అందుకో," అని సార్ వంగి ఇచ్చారు. స్వామి పైపంచె పరిచి అందుకున్నాడు.

మర్నాడే మాలలు వేశారు. ఇరుముడి సరుకు అంతా మా అంగట్లోనే రాయించారు. రెండో ముఖం మీద స్వామి బోర్డు ఎక్కింది: దేవుడు ఉన్నాడు, చూస్తున్నాడు. పైన హరిప్రసాద్ వినాయకుడు, కింద కమిటీ వాళ్ల తొమ్మిది ఫోటోలు, అందులో స్వామిది కాస్త పెద్దది. కట్టేటప్పుడు మస్తాన్ అలవాటు ప్రకారం బ్లేడు తీశాడు. పెద్ద ఫ్లెక్సీకి గాలి పోవడానికి అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోతలు పెడతాడు. స్వామి కింది నుంచే అరిచాడు. "దేవుడి బోర్డు మీద కోతలేంది? బ్లేడు జేబులో పెట్టు!"

కార్తీకం మూడో వారంలో తుపాను వచ్చింది. రాత్రంతా గాలి. పొద్దున లేచి చూస్తే బస్టాండు చుట్టూ ఉన్న ఫ్లెక్సీలన్నీ నేలమీదే ఉన్నాయి. స్వామి బోర్డు నిలువునా చీలి, తొమ్మిదిమంది కమిటీతో సహా ఎదుటి హోటలు రేకుల మీద పడి ఉంది. మా మిద్దె మీద ఒక్కటే నిలిచింది. నడినెత్తిన చదరపు కంతతో, ఆ కంతలోంచి తెల్లటి ఆకాశంతో, దేవుడు లేడు.

రాఘవమ్మ చెంపలేసుకుంది. "వినాయకుడు పోతూ పోతూ కూడా గాలికి దారి వదిలిపోయినాడు. సార్ బోర్డు కాపాడినాడు."

సార్ ఫోన్ చేస్తే ఆ మాట చెప్పాను. "గాలి ఒత్తిడిరా అది! కంత ఉంటే ఒత్తిడి తగ్గుతుంది! పదో తరగతిలో లెక్కలే గాదు, సైన్సు కూడా తప్పి ఉండాల్సింది నువ్వు!" అని అరిచారు.

పదింటికి కోటేశ్వర్ స్వామి కొత్త ఫ్లెక్సీ చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"శెట్టీ, సార్‌ను ఒకసారి రమ్మను. దేవుడికి తగలకుండా, కమిటీ వాళ్ల మొహాలకు తగలకుండా కోతలు ఎక్కడ పెట్టాలో లెక్క కట్టాల. మస్తాన్‌ను నమ్మితే నా మూతి కాడ పెడతాడు."

సార్ మధ్యాహ్నం బస్సుకు వచ్చారు. ఫ్లెక్సీని మిద్దె మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, స్కేలుతో ఎనిమిది చోట్ల గుర్తులు పెట్టారు. స్వామి గొడుగు పట్టాడు. మస్తాన్ బ్లేడు పట్టాడు, దానికి ముందు వచ్చి నా దగ్గర టెంకాయ అడిగి పట్టుకెళ్లాడు.

పని అయ్యాక సార్ కిందికి దిగి ఆకలిగా ఉందన్నారు. గల్లాపెట్టె పక్కన పగిలిన టెంకాయ చెక్క ఉంటే ముక్క కోసి ఇచ్చాను. నోటి దాకా తీసుకెళ్లి ఆగారు.

"ఇది ప్రసాదం కాదు గదా?"

"కాదు సార్. మస్తాన్ చట్రానికి కొట్టింది."

"అయితే ఇంకో ముక్క ఇవ్వు," అన్నారు.