ఆగస్టు సాక్ష్యం

ఎనిఫా సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే మా చర్చిలో చంటిపిల్లలు కూడా పాలు తాగడం ఆపి చూసేవారు. గొంతేమీ పెద్దది కాదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తల దించుకోవాలో ఆవిడకు తెలుసు. మొగుడు బిజ్విక్ మా ఊరి పక్క చిల్వా సరస్సులోకి వలకి వెళ్ళడం, దక్షిణపు గాలి లేవడం, పడవ బోర్లా పడడం, తుంగలో శవం దొరకడం, ఆ ఏడాది వానలకి గడ్డికప్పు కారిపోతుంటే పిల్లల్ని పొయ్యి దగ్గర పొడిచోట పడుకోబెట్టి తను తడుస్తూ కూర్చోవడం, అన్నీ వరసగా చెప్పేది. చివర్లో "నా భర్త చనిపోయాడు, నా దేవుడు బతికే ఉన్నాడు, ఇదిగో నాకు ఇల్లిచ్చాడు" అని కూర్చునేది. పాస్టర్ మటెవెరె గారు ముక్కముక్కా ఇంగ్లీషులోకి మార్చేవారు. ఏటా ఆగస్టులో అమెరికా నుంచి వచ్చే మిషన్ వాళ్ళు కళ్ళజోళ్ళు తీసి కళ్ళు తుడుచుకునేవారు.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ సాక్ష్యం వల్ల జరిగిన మేలూ అబద్ధం కాదు. దాన్ని విన్నవాళ్ళు తమ ఊళ్ళకు వెళ్ళి చెప్పబట్టే మా దగ్గర విధవరాళ్ళకు ఒకరి తర్వాత ఒకరికి ఇళ్ళు లేచాయి. ఎర్రటి ఇటుక గోడలు, రేకుల కప్పు, సిమెంటు నేల. తలుపు పక్కన ఇల్లిచ్చిన కుటుంబం పేరు చెక్కిన రాయి. మొదటి ఇల్లు ఎనిఫాదే.

ఇళ్ళకు ఒక నియమం పెట్టారు. ఆ ఇల్లు విధవరాలికే. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మిషన్ వాళ్ళు దాన్ని ఇంకో ఊరి విధవరాలికి ఇచ్చేస్తారు. పెట్టినవాళ్ళ లెక్క వాళ్ళది: పెళ్ళయిన ఆడది మొగుడింటికి పోతుంది కదా, ఖాళీ ఇల్లెందుకు పాడుపెట్టాలి అని. మా దగ్గర ఆడది ఎక్కడికీ పోదు. మగాళ్ళందరిదీ ఇల్లరికమే. చాపా పారా భుజాన వేసుకుని మగవాడే వస్తాడు, పెళ్ళాం పెరట్లో ఇల్లు కట్టి ఇచ్చి మొగుడనిపించుకుంటాడు. ఈ సంగతి వాళ్ళు అడగలేదు. ఇల్లివ్వడానికి వచ్చిన చుట్టాలకు ఎదురుచెప్పడం మర్యాద కాదని మేమూ చెప్పలేదు. తలలూపి చప్పట్లు కొట్టాం.

మిషన్ వాళ్ళకు పెద్ద మార్లిస్ అమ్మగారు. ఆవిడ పేరుకి దొరసానే గానీ కాళ్ళ పుండ్లు కడగడానికి నేలమీద కూలబడేది, మొక్కజొన్న దంచబోయి రోకలి కాలిమీద వేసుకుని తనే నవ్వేది. ఆవిడా భర్త పోయిన మనిషే. ఆయన చేతిగడియారం తన చేతికి పెట్టుకుని తిరిగేది. ఎనిఫా చెయ్యి పట్టుకుని ఒకసారి అంది, మన ఇద్దరికీ ఇంకో మనిషి మీదికి మనసు పోదు, అందుకే మనం అక్కచెల్లెళ్ళం అని. పాస్టరు గారు మార్చి చెప్పారు. ఎనిఫా తలూపింది. అప్పటికింకా అది నిజమే.

ఆ తర్వాత లైటన్ వచ్చాడు. సరస్సు అవతలి ఒడ్డు వాడు. మా సంతకు ఎండుచేపలు తెచ్చేవాడు. ఎనిఫా ఎంత బేరమాడినా విసుక్కోకుండా, చివరికి ఆమె అడిగిన దానికంటే ఒక చేప ఎక్కువే వేసేవాడు. సంతంతా చూసింది. వానాకాలం దాటేసరికి అతను చేపల బుట్టతో సరాసరి ఎనిఫా మేనమామ చికోపా వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు.

మా దగ్గర ఆడపిల్లల మంచీచెడ్డా చూడాల్సింది మేనమామే. చికోపాకు చనిపోయిన అక్క కూతుళ్ళు ఇద్దరు, ఎనిఫా, ఆమె చెల్లెలు ఫలేసి. ఫలేసి మొగుడు జ్వరంతో పోయాడు. ఇళ్ళ వరసలో ఇప్పుడు వంతు ఆమెదే. చికోపా చేపలు తీసుకున్నాడు, కబురు చెబుతానని లైటన్‌ను పంపేసి, ఎనిఫాను పిలిచాడు.

"మంచోడే, నేను కాదన్ను. కానీ నీకు పెళ్ళయిందని తెలిస్తే నీ ఇల్లు పోద్ది, సాక్ష్యం ఆగితే ఫలేసికి రావాల్సిన కప్పూ ఆగిపోద్ది. మీ ఇద్దరికీ మేనమామని నేనే గదే అమ్మా. ఒకదానికి మొగుణ్ణి తెచ్చి ఇంకోదాన్ని వానలో నిలబెట్టమంటావా?"

 ఎనిఫా ఇంటికి పోయి మొక్కజొన్న పిండితో న్సీమా వండింది, కూరలో ఉప్పు వేయడం మర్చిపోయింది.

దారి చికోపానే ఆలోచించాడు. చర్చిలో పెళ్ళి వద్దు. రెండువైపుల మేనమామలూ కూర్చుని కోడిని మార్చుకుంటే మా లెక్కన పెళ్ళయినట్టే. మిషన్ వాళ్ళుండే రెండు వారాలూ లైటన్ సరస్సు మీదికి పోతాడు. వాళ్ళు వెళ్ళాక వస్తాడు. ఈ మాట చెవిన వేద్దామని పాస్టరు గారి దగ్గరికి వెళ్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "నాకు చెప్పకు చికోపా. చెప్తే ఇంగ్లీషులోకి మార్చాల్సొస్తుంది."

లైటన్‌కు చెప్పింది ఎనిఫానే. అతను చేతిలోని వల ముడి బిగించాడు.

"అంటే ఏడాదికోసారి నేను చచ్చిపోవాలన్నమాట."

"రెండు వారాలే."

"సరే, రెండు వారాలే చస్తాలే" అని నవ్వాడు. ఆ నవ్వు చూసే ఎనిఫాకు ధైర్యం వచ్చింది.

ఇల్లు ఉండనే ఉంది కాబట్టి అతను కట్టడానికి ఇల్లు లేదు. ఊరికే రావడం నామోషీ అని పెరట్లో వంటిల్లు కట్టాడు. మట్టిగోడలే అయినా గీత గీసినట్టు లేపాడు. పొగ పోయే కన్నం ఎక్కడ పెట్టాలో ఎనిఫాను అడిగి మరీ పెట్టాడు. బావి దగ్గర ఆడవాళ్ళు అతనికి వంటింటి అల్లుడని పేరు పెట్టారు. "ఏం అల్లుడూ, ఈ పూట పొయ్యి దగ్గరా, పక్క దగ్గరా?" అని వేళాకోళమాడేవాళ్ళు. అతనూ తగ్గేవాడు కాదు, మీ మొగుళ్ళు కట్టిన ఇళ్ళు కారుతున్నాయట, వచ్చి నా వంటింట్లో పడుకోండి అనేవాడు.

ఆగస్టు వచ్చింది. దండెం మీది ప్యాంటు, గోడకు ఆనించిన సైకిలు, గూట్లో బ్లేడు, చాప, అన్నీ చికోపా ఇంటికి చేరాయి. లైటన్ కట్టిన వంటింటి గురించి ఎవరైనా అడిగితే మేనమామ కట్టాడని చెప్పాలని పిల్లలకు నేర్పారు. అతను తోటివాళ్ళతో పడవెక్కాడు. చిల్వాలో తుంగ దట్టంగా ఉన్నచోట నీటి మీదే గడ్డి గుడిసెలు కట్టుకుని మా జాలర్లు వారాల తరబడి ఉంటారు. వాళ్ళకు పిండీ ఉప్పూ ఒడ్డు నుంచి చిన్న పడవలో పోతాయి.

అంతవరకూ అందరూ ఆలోచించారు. ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. చికోపా మొక్కజొన్న పండించుకునే మనిషి. పాస్టరు గారిది కొండమీది జోంబా పట్నం. ఎనిఫాకు బిజ్విక్ పోయాక నీటి మీద మనిషంటూ లేడు. మనిషి నీటి మీద ఉన్నన్నాళ్ళూ జాలరి ఆడది చావు మాట నోట పలకదు. పక్కింట్లో ఎవరైనా పోయినా ఊరెళ్ళారనే అంటుంది. మొగుడు పోయాడని ఆమె నోటి నుంచి వచ్చిందా, ఏ మొగుడు అని నీరు అడగదు. ఇచ్చేశారనుకుని తీసుకుంటుంది.

ఆదివారం సాక్ష్యానికి లేచి నిలబడ్డాక ఎనిఫాకు అది తగిలింది. గాలి లేవడం చెప్పింది. పడవ బోర్లాపడడం దగ్గర నాలుక ఆగింది. జాలరి ఇళ్ళ ఆడవాళ్ళంతా కుడివైపు బెంచీల మీద ఉన్నారు. ఒక్కరూ ఆమె ముఖంలోకి చూడడం లేదు. అందరూ నేల చూస్తున్నారు. పాస్టరు గారు మెల్లగా అందించారు. ఎనిఫా నోరు విప్పలేదు. చర్చి పైరేకుల మీద గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మార్లిస్ అమ్మగారే లేచి వచ్చి ఆమెను కావలించుకుని ఏడ్చింది. వెనకాల మిషన్ వాళ్ళూ ఏడ్చారు. ఏ ఏడాదీ అంతలా ఏడవలేదు. కుడివైపు బెంచీల్లో ఊపిరి వదిలారు.

గండం గడిచిందనుకున్నాం. వాళ్ళు బయల్దేరే ముందురోజు మార్లిస్ అమ్మగారు కెమెరా పెట్టించింది, ఫలేసి గుడిసె ముందు. చిల్లులుపడ్డ కప్పును పాత వలతో కట్టి ఉంచింది ఫలేసి. అది కనపడేట్టు ఎనిఫాను నిలబెట్టారు. మా దేశంలో జనం మనసులు గట్టిపడ్డాయి, చెవులతో వింటే తప్ప చెయ్యి చాచరు, మొన్న మిగిలిపోయిన ఆ ఒక్క వాక్యం చాలు అంది ఆవిడ. బతిమాలుతూనే అంది.

ఎనిఫా పాస్టరు గారికి మాత్రమే వినపడేట్టు అంది. "ఆయన నీటి మీద ఉన్నాడు పాస్టరు గారూ."

పాస్టరు గారు తన బూట్ల వంక చూసుకున్నారు. ఏమంటోందని మార్లిస్ అమ్మగారు అడిగితే, భర్తను సరస్సు తీసుకుపోయిన సంగతి తలుచుకుంటోందని చెప్పారు. ఆవిడ గడియారమున్న చేత్తో ఎనిఫా వీపు నిమిరింది.

గుమ్మంలో పిల్లను చంకనేసుకుని నిలబడ్డ ఫలేసికి ఇదంతా అర్థమైంది. "నా కోసమైతే వద్దక్కా. ఇన్నాళ్ళున్నాం, ఇంకో వాన ఉండలేమా" అంది. మనస్ఫూర్తిగానే అంది. చంకలో పిల్ల దగ్గుతోంది. ఫలేసి ఆ మాట అనకుండా ఉంటే ఎనిఫా మొండికేసేదేమో. అన్నాక ఇంక తప్పించుకునే వీలు లేకపోయింది.

కెమెరా వైపు తిరిగి ఆ వాక్యం చెప్పింది. ఆగాల్సిన చోట ఆగింది, తల దించాల్సిన చోట దించింది. బిందెలతో అటు పోతున్న ఇద్దరు జాలరి ఆడవాళ్ళు వెనక్కి తిరిగి వేరే దారిన పోయారు.

పిండి తీసుకెళ్ళే పడవలో ఆ మాట సరస్సు మీదికి చేరింది. మిషన్ కార్ల దుమ్ము అణగకముందే లైటన్‌ను ఒడ్డున దింపేశారు. దింపింది అతని తోటివాళ్ళే. కోపంగా ఏమీ అనలేదట. ఇంటివాళ్ళు నీటికి అప్పజెప్పిన మనిషితో ఒకే పడవలో కూర్చోలేమన్నారట. చాప భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. ఎనిఫా వంటింటి ముందు చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టింది.

"చెప్పావా?"

"చెప్పాను."

"నేనక్కడ ఉండగానే."

"ఫలేసి ఎదురుగా నిలబడింది."

అతను చేతులు కడుక్కున్నాడు. తిన్నాడు. తిని, కంచం కడిగి పెట్టాడు, ఎప్పుడూ కడగని మనిషి.

మా ఒడ్డున ఒక్క పడవా అతన్ని ఎక్కించుకోలేదు. తన ఊరి ఒడ్డుకు కబురు చేశాడు. అక్కడికీ ఆ సంగతి ముందే చేరింది. మనం అటు పోదాం, అక్కడ కూలికైనా బతుకుదామని ఎనిఫాను అడిగాడు. ఆమెకు పోవాలనే ఉంది. కానీ మా పద్ధతిలో పిల్లలు తల్లివైపు వంశం వాళ్ళు, నేల తల్లివైపుది, వదిలిపోతే మళ్ళీ వచ్చి అడగడానికి ఉండదు. ఫలేసి ఇంటికి పునాది పడింది, కప్పు వేసేదాకా ఆగు అని లైటన్‌తో అంది. కప్పు వేశారు. ఈలోగా ఎనిఫా వీడియో చూసి అమెరికాలో ఎవరో ఇంకో రెండిళ్ళకు డబ్బు పంపారు. వరసలో తర్వాతి ఆవిడ ఎనిఫా వాకిట్లోకి వచ్చి కూర్చుని వెళ్ళసాగింది. ఏమీ అడిగేది కాదు, ఊరికే కూర్చునేది.

లైటన్‌కు పని పాస్టరు గారే ఇచ్చారు, ఇళ్ళ దగ్గర ఇటుకలు మోయడం, సిమెంటు కలపడం. ఫలేసి ఇంటి గోడలు సగం అతను లేపినవే. బావి దగ్గర ఆడవాళ్ళు వంటింటి అల్లుడు అనడం మానేశారు. అతను ఎదురుపడితే దారి ఇచ్చి నిలబడేవాళ్ళు. వాళ్ళు వేళాకోళమాడిన రోజుల్లోనే అతను నాలుగు మాటలు మాట్లాడేవాడు.

మళ్ళీ ఆగస్టు వచ్చింది. ఈసారి అతన్ని ఎక్కడికీ పంపే పని పడలేదు. మిషన్ కూలివాడు మిషన్ పనిలో ఉంటే అడిగేవాళ్ళెవరు? ప్యాంటూ సైకిలూ మాత్రం చికోపా ఇంటికి పోయాయి. మార్లిస్ అమ్మగారు కొత్త గోడల మీద చెయ్యి వేసి చూసి మురిసిపోయి, ఇవి కట్టింది ఎవరని లైటన్‌ను పిలిపించింది. సిమెంటుకు పగిలిన అతని చేతులు చూసి తన తోలు తొడుగులు ఇచ్చింది. పెళ్ళాం పిల్లలు ఉన్నారా అని అడిగింది. పాస్టరు గారు ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టే మార్చారు.

లైటన్ పాస్టరు గారి ముఖంలోకి చూశాడు. "ఉన్నారని చెప్పండి. దూరంగా ఉన్నారని చెప్పండి."

ఆవిడ పాపం అంది. వాళ్ళ కోసం ప్రార్థిస్తానంది.

ఆదివారం చర్చి నిండిపోయింది. కూలివాళ్ళు వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. ఎనిఫా లేచింది. నీటి మీద ఇప్పుడు ఆమె మనిషి ఎవరూ లేరు. ఆ మాటకు ఏ అడ్డూ లేదు. కుడివైపు బెంచీల్లో ఆడవాళ్ళు కూడా తలెత్తి చూస్తున్నారు. గాలి లేవడం చెప్పింది, పడవ బోర్లాపడడం చెప్పింది, తుంగలో శవం దొరకడం చెప్పింది. చివర తల దించి, ఆగి, నా భర్త చనిపోయాడు అంది. పాస్టరు గారు మార్చారు.

అందరూ చప్పట్లు కొట్టారు. వెనక తలుపు దగ్గర లైటన్ చేతుల సిమెంటు ప్యాంటుకు తుడుచుకుని, తనూ కొట్టాడు.