ఊరందరి ‘నేను’లు

మొగుడి నల్లకోటు ఇస్త్రీ చేస్తుంటే ఆమె కుడి మణికట్టు కలుక్కుమంది. నిన్న అతను మెలిపెట్టిన చెయ్యి అది. కారణం పెద్దదేం కాదు. వాదన కాగితంలో తేదీ తప్పు పడిందని జడ్జి అందరిముందూ నవ్వారట. తేదీ చెప్పింది అతనే, రాసింది ఈమె. “లాయరు చదువు వెలగబెట్టావుగా, ఆ మాత్రం తెలీదూ?” అంటూ జుట్టు పట్టుకుని తల తలుపుకేసి కొట్టాడు. పక్కగదిలో అత్తగారు టీవీ గొంతు పెంచింది. కోడలి ఏడుపు బయటికి వినపడకుండా ఆవిడ చేసే సాయం అదొక్కటే.

అది లాయర్ల ఇల్లు. ముందుగది మామగారి ఆఫీసు. మామగారూ మొగుడూ కోర్టులో వాదిస్తారు, ఈమె రాసిపెడుతుంది. వచ్చినవాళ్ళు చెప్పింది విని, వాళ్ళే చెప్తున్నట్టు ‘నేను, నన్ను, నాకు’ అని రాయడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. పొలం పోయిన ముసలాయన, ఉద్యోగం ఊడిన డ్రైవరు... మూడేళ్ళుగా ఊరందరి ‘నేను’లూ ఆమే రాస్తోంది. “మా కోడలి అక్షరాలు ముత్యాలండీ,” అంటారు మామగారు, వచ్చినవాళ్ళకి కాఫీ ఇప్పిస్తూ. ఆ కాఫీ కూడా ముత్యాల కోడలే పెట్టాలి.

ఆ ఉదయం మామగారు ఒక ఫైలు ఇచ్చారు. బాలికల హోమ్‌లో ఉండే పదహారేళ్ళ పిల్ల పక్కటెముకలు విరిగి ఆస్పత్రిలో ఉంది. ఆ పిల్ల తరఫున వాదించమని కోర్టు మామగారినే నియమించింది. జూనియరుగా ఫైలు మీద ఈమె పేరూ ఉంది. కానీ హోమ్ సూపరింటెండెంటు మామగారికి ప్రాణస్నేహితుడు, ఆదివారం వస్తే ఇద్దరూ చదరంగం ముందే ఉంటారు. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

“మెట్ల మీంచి జారిపడ్డానని రాసి సంతకం పెట్టించు. పదకొండుకి కోర్టు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా,” అన్నారు మామగారు. ఆ సంతకం పడితే పిల్ల మళ్ళీ అదే హోమ్‌కి, అదే మనిషి చేతుల్లోకి వెళ్ళాలి.

ఆస్పత్రి మంచం మీద పిల్ల ఊపిరి అందినంతవరకే మాట్లాడింది. అన్నం చాల్లేదన్నందుకు సూపరింటెండెంటు నీళ్ళ పైపుతో కొట్టాడట. కిందపడ్డాక బూటుకాలితో తన్నాడట. రెండో తన్నుకి లోపల విరిగిన చప్పుడు తనకే వినిపించిందట. మిగతా పిల్లల్ని వరసగా నిలబెట్టి, కళ్ళు మూసుకోకుండా చూడమన్నాడట.

“మెట్లనే రాసుకోండక్కా, సంతకం పెడతా,” అంది పిల్ల. “పెట్టకపోతే ఎలాగూ చంపుతాడు.”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. జరిగింది జరిగినట్టే గబగబా రాసుకుపోయింది. సంతకానికి ముందు చదివి వినిపించాలి కాబట్టి చదవసాగింది. పైపు, బూటు, విరిగిన చప్పుడు. “...జుట్టు పట్టుకుని నా తల తలుపుకేసి కొట్టాడు. పక్కగదిలో టీవీ గొంతు పెరిగింది. పెళ్ళయిన మూడో నెల నుంచీ...”

“అక్కా,” అంది పిల్ల మెల్లగా. “నాకింకా పెళ్ళి కాలేదు.”

ఆమె కాగితం వంక చూసుకుంది. ముత్యాల్లాంటి అక్షరాలే, ఒక్క కొట్టివేత లేదు. ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనే నవ్వూ వచ్చింది. పిల్ల కూడా నవ్వబోయి నొప్పికి కెవ్వుమంది.

“నాది వేరే రాయండి,” అంది తేరుకుని. “మీది మాత్రం చింపకండక్కా.”

ఆమె ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, పిల్లది మళ్ళీ మొదటినుంచీ రాసింది. ఈసారి పిల్ల ప్రతి వాక్యానికీ తల ఊపి, వంకరటింకరగా సంతకం పెట్టింది.

కోర్టు వరండాలో పిల్ల కాగితం చదివి మామగారి మొహం ఎర్రబడింది. “మెట్లేవీ?”

“మెట్లు లేవు మామయ్యగారూ. ఆ హోమ్‌కి పైఅంతస్తే లేదు.”

మొగుడు కాగితం లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. పదిమందిలో చెంప పగలగొట్టాడు. ఇన్నాళ్ళూ బయటికి కనపడని చోటు చూసి కొట్టిన మనిషి ఈసారి ఆ తెలివి మరిచిపోయాడు. రెండో దెబ్బకి పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. చుట్టూ నల్లకోట్లే, ఒక్కరూ కదల్లేదు. మొగుడూపెళ్ళాల గొడవ మనకెందుకనుకున్నారు కాబోలు. చట్టం చదువుకున్నవాళ్ళు కదా!

లోపల కేసు పిలిచారు. మూడేళ్ళుగా కూర్చున్న వెనక బెంచీ దాటి ఆమె ముందుకి నడిచింది. భయమేసింది, అబద్ధమెందుకు.

“మా జూనియరండీ, ఒంట్లో బాగాలేదు...” అంటూ మామగారు అడ్డొచ్చారు.

మేజిస్ట్రేటు ఆయన్ని చేత్తో ఆపి, ఈమె గడ్డం మీది నెత్తురు చూసింది. “మీరు ఎవరి తరఫున?”

“ఆ పిల్ల తరఫునండీ. వరసగా నిలబడి చూసిన మిగతా పిల్లల తరఫున కూడా.” నోట్లోకొచ్చిన నెత్తురు మింగింది. “ఇది కాగానే, నా తరఫున.”