అందరి ఎత్తుకీ కట్టిన వంటగది

మా ఆవిడ వూర్యాని పొట్టి మనిషి. పెళ్ళయిన నాటి నుంచీ అద్దె ఇళ్ళలో పీట మీద నిలబడే వంట చేసింది. ఒకసారి పీట జారి, వేడి నూనె మూకుడు ఒంటి మీద పడబోయి తప్పింది. ఆ రోజే అనుకున్నాం, ఎంత చిన్నదైనా సరే, సొంత ఇల్లు కొనాలని.

మలాంగ్ ఊళ్ళో, కాలవ పక్క వీధిలో, ఒకే గోడకి అటూ ఇటూ అతుక్కున్న రెండు పాత ఇళ్ళు అమ్మకానికి వచ్చాయి. ఎడమది మేం కొన్నాం. కుడిది మా ఆవిడ అక్క రత్మి కొంది. వదినకి అదే వృత్తి. పాత ఇల్లు కొంటుంది, బాగుచేయిస్తుంది, అమ్మేస్తుంది. అమ్ముడుపోయే దాకా ఆ ఇంట్లోనే ఉంటుంది. కొనేవాళ్ళకి గదులు విశాలంగా కనబడాలని సామాను పెట్టదు. రెండు సూట్‌కేసులు, ఒక చుట్టేసిన పరుపు, అంతే ఆవిడ సంసారం.

రెండిళ్ళకీ మేస్త్రీ ఒక్కడే, సర్మున్. మా వంటగది దగ్గర నిలబడి అడిగాడు.

"గట్టు ఎంత ఎత్తులో పెట్టమంటారమ్మా?"

వూర్యాని ఉల్లిపాయలు తరుగుతున్నట్టు చేతులు ముందుకు పెట్టింది. "ఇదిగో, ఇక్కడికి."

అప్పుడే లోపలికి వచ్చిన వదిన నోరు నొక్కుకుంది. "ఒసేయ్, ఇది వంటగట్టా, కూర్చునే అరుగా? రేపు అమ్మబోతే ఎవరు కొంటారే?"

"అమ్మితే కదా!"

"ముందు అందరూ అలాగే అంటారు."

"సరే, నీ ఇంట్లో ఎవరి ఎత్తుకి కట్టిస్తున్నావు?"

"అందరి ఎత్తుకీ."

"ఆ అందర్లో ఒక్కరి పేరు చెప్పు చూద్దాం."

వదిన ఇటు తిరిగి నా మీద పడింది. పెరట్లో నా గువ్వల పంజరాలు పైకెత్తి వేలాడదీయడానికి నేను పాతించుకున్న స్తంభం ఆవిడకి కంట్లో నలుసు.

"హర్దోయో, ఆ కర్ర పీకేస్తే కారు పెట్టుకోవచ్చయ్యా."

"మాకు కారు లేదు వదినా."

"కొనేవాడికి ఉంటుంది!"

వర్షాలు మొదలయ్యేలోగా రెండిళ్ళూ తయారయ్యాయి. వదిన ఇల్లు తెల్లటి గోడలతో, తెల్లటి టైల్స్‌తో అద్దంలా మెరిసింది. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. "ఆలోచించుకుని చెబుతాం" అని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

ఒక మధ్యాహ్నం కుస్తినా గారు వచ్చారు. చాలా ఏళ్ళు ఆడపిల్లలకి వాలీబాల్ నేర్పి రిటైరైన మనిషి. ఎంత పొడుగంటే, ఏ గుమ్మం కనబడినా అలవాటుగా తల వంచేస్తారు. వదిన ఇల్లంతా చూపించి బయటికి తీసుకొచ్చేసరికి వాన ఏటవాలుగా దంచికొట్టింది. ఇద్దరూ మా ఇంట్లోకి పరిగెత్తారు. వూర్యాని పులియబెట్టిన సోయా టెంపే ముక్కలు వేయిస్తోంది. ఆ వాసనకి కుస్తినా గారు నేరుగా వంటగదిలోకి నడిచి, గట్టు చూసి పకపకా నవ్వారు.

"ఇది మీ కోసమే కట్టించుకున్నారా?"

"నా కోసమేనండి. ఇంకెవరూ వండరుగా ఇక్కడ."

ఆవిడ గట్టు ముందు నిలబడి కత్తి పట్టుకోబోయారు. సగానికి మడుచుకుపోవాల్సి వచ్చింది. లేచి, నడుం పట్టుకుని, "నాకు సరిగ్గా ఇలాంటిదే కావాలి" అన్నారు.

వదిన కళ్ళు మెరిశాయి. చెల్లెల్ని మోచేత్తో పొడిచింది. "అమ్మేయవే! మంచి ధర చెప్పు!"

"మేం అమ్మమండీ," అంది వూర్యాని.

"మీది నాకెందుకమ్మా, నడుం విరుగుతుంది. నాకు సరిపోయేది కావాలంటున్నాను. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ అందరి సింకుల ముందూ వంగే ఉన్నాను." ఆవిడ వదిన వైపు తిరిగారు. "మీ ఇల్లు తీసుకుంటాను. వంటగది పగలగొట్టిస్తాను కాబట్టి కాస్త తగ్గించండి."

"పగలగొట్టడమా? కొత్తది! దాని మీద ఇంతవరకు ఒక్క గ్లాసు టీ కూడా కాగలేదు!"

"అదే నేనూ అంటున్నాను."

వాన తగ్గేలోగా, టెంపే ముక్కలు అయిపోయేలోగా, బేరం కుదిరింది. వదిన అనుకున్నంత రాలేదుగానీ నష్టమూ లేదు. ఇంకో ఇల్లు దొరికే దాకా మా ముందు గదిలో ఉంటానంది.

సర్మున్ సుత్తి పట్టిన రోజు మా గోడ అదిరింది. నా గువ్వలు కూత మానేశాయి. వదిన ఊరికే చూసొస్తానని వెళ్ళి, జుట్టు నిండా తెల్లటి దుమ్ముతో తిరిగొచ్చి కూర్చుంది.

"కింది వరసలో ఒక టైల్ వంకరగా ఉందని రెండుసార్లు తీయించాను," అంది. "ఎవరి కోసం తీయించానో మరి."

చేతికి చిక్కిన ఎత్తిపొడుపుని వదిలిపెట్టే మనిషి కాదు మా ఆవిడ. ఆ రోజు మాత్రం నల్లటి రవోన్ మాంసం పులుసు పోసి, అన్నం గిన్నె ముందుకి జరిపింది.

వదిన నాలుగు ముద్దలు తిన్నాక అంది. "అమ్మేశాక ఏ ఇంటి వైపూ నేను మళ్ళీ వెళ్ళను. ఎలా మార్చారో తెలియదు నాకు. ఈసారి పక్కనే ఉండి ఇరుక్కుపోయాను."

కుస్తినా గారు గృహప్రవేశానికి పసుపన్నం గోపురంలా పేర్చి వీధి వీధంతా పిలిచారు. అక్కడ గట్టు మా ఆవిడకి గడ్డం దాకా వచ్చింది. వదినకి గుండెల దాకా వచ్చింది.

"మీకెంత ఎత్తు ఉంటే హాయిగా ఉంటుంది రత్మి గారూ?" అని కుస్తినా గారు మామూలుగానే అడిగారు.

వదిన చేతులు ముందుకు చాచింది. కాస్త పైకి ఎత్తింది, కాస్త కిందికి దించింది. "తెలీదండి," అంది చివరికి. "ఎప్పుడూ చూసుకోలేదు."

తర్వాత కొన్న ఇంట్లో ఆవిడ వంటగది కట్టించలేదు. కుళాయి గొట్టాలు మాత్రం వేయించి, "మీరొచ్చి నిలబడండి, అప్పుడు కడతాం" అని కొనేవాళ్ళకి చెప్పింది. ఆ ఇల్లు చూడ్డానికి వచ్చిన మొదటి జంటే కొనేసింది.

"చూశావా, వ్యాపారం అంటే ఇదీ!" అని చెల్లెలి ముందు విరగబడి నవ్వింది.

ఆవిడేమీ మారిపోలేదు. ఇప్పటికీ కొంటుంది, అమ్ముతుంది. కాకపోతే ఆ డబ్బులోంచి జెపారా ఊరి నుంచి చెక్కడాల టేకు మంచం ఒకటి తెప్పించుకుంది. ఇల్లు మారినప్పుడల్లా దాన్ని మొయ్యడానికి నలుగురం కావాలి. మొన్న లవాంగ్‌లో కొన్న ఇంటి గుమ్మం ఇరుకు. ఎటు తిప్పినా మంచం లోపలికి పోలేదు. వదిన కాసేపు అటూ ఇటూ తిరిగి, సర్మున్‌ని పిలిపించి గుమ్మం వెడల్పు చేయించింది.

"వెడల్పు గుమ్మం అంటే కొనేవాళ్ళకి ఇష్టం," అంది మా వైపు చూడకుండా.

మేం నలుగురం మంచం ఎత్తాం.