సరంగు టోపీ

రాజరత్నంగారు పొద్దున్నే లేచి, ప్రార్థన చేసుకుని, కాఫీ తాగి, మెత్తటి బట్ట పుచ్చుకుని టోపీలు తుడుస్తారు. మండలాఫీసులో గుమాస్తాగా రిటైరైన దగ్గర్నుంచీ ఇదే పని. హాల్లో గోడలనిండా మేకులు, మేకు మేకుకీ ఒక టోపీ. అన్నీ ముందు చూరున్నవే. ఇంటికి చూరు ఎందుకో తలకీ అందుకేనంటారాయన. ఎండా వానా కళ్ళలో పడకుండా మొదట సిపాయిలకి పెట్టారట. తర్వాత రైలు గార్డుకి, పోస్టుమ్యాన్‌కి, ఫైరింజను వాడికి, ఆఖరికి పెళ్ళి బ్యాండు వాళ్ళకీ వచ్చింది. పాలకొల్లు పాతసామాన్ల కొట్లలో ఎక్కడ చూరు కనపడినా ఈయన కాళ్ళు ముందుకి కదలవు.

ఆ టోపీలు ఊరికే వేలాడేవి కావు. చుట్టుపక్కల ఆపద రాబోతుంటే, దానికి పనికొచ్చే టోపీ మేకు మీంచి కింద పడుతుంది. ఆయన భార్య సంపూర్ణమ్మగారు దాన్ని వీధిలోకి పట్టుకెళ్ళి కనపడిన వాళ్ళందరి తలమీదా పెట్టి చూస్తారు. ఎవరికి సరిపోతే పని వాళ్ళది. మొన్న వేసవిలో ఫైరింజను టోపీ ఇడ్లీలమ్మే వీరమ్మకి సరిపోయింది. ఆవిడ పిండి చేతులతోనే వెళ్ళి గడ్డిమేట్ల మంటలు ఆర్పి, వచ్చి రెండో వాయి దింపింది. ఆ పూట చట్నీలో ఉప్పెక్కువైందని తప్ప ఎవరూ ఇంకేం అనలేదు.

రాజరత్నంగారికి మాత్రం ఏ టోపీ సరిపోదు. ఆయనది చిన్న తల. ఏది పెట్టినా ముక్కు దాకా జారిపోతుంది. అందుకాయన రోజూ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటారు. ఆయనకి కుక్కలంటే భయం, కుక్కరు కూతంటే భయం, అన్నిటికంటే గోదావరంటే భయం. ఒక్కగానొక్క కూతురు తబిత అవతలి ఒడ్డున టీచరు. రోజూ పంటు మీదే, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే ఇంజను బల్లకట్టు మీదే, దాటుతుంది. ఈయన రేవు మెట్ల దాకా వెళ్ళి, అక్కణ్ణుంచే చెయ్యూపి వచ్చేస్తారు. కూతురి స్కూలుకి ఏ రంగు వేశారో కూడా ఆయనకి తెలీదు.

గోదావరికి ఎర్రనీళ్ళు దిగిన రోజుల్లో ఒక మధ్యాహ్నం భోంచేస్తుంటే హాల్లో టప్పుమంది.

పడింది సరంగు టోపీ. మెరిసే నల్లచూరు, పైన వెలిసిపోయిన జరీ లంగరు. లాంచీలు తిరిగే రోజుల్లో వాటిని నడిపే బుల్లియ్య అనే సరంగు పెట్టుకునేవాడు. అతను పోయాక భార్య నూకరత్నం తెచ్చి ఇచ్చింది. ఇన్నేళ్ళలో ఆ టోపీ ఎప్పుడూ పడలేదు.

"పంటండీ," అన్నారు సంపూర్ణమ్మగారు.

తబితకి ఫోను చేస్తే రింగవుతోంది గాని ఎత్తడంలేదు. క్లాసులో ఉంటే ఎత్తదు. సంపూర్ణమ్మగారు టోపీ పట్టుకుని వీధిలో పడ్డారు. వీరమ్మకి చెవుల మీదకి దిగింది. మంగలి కొట్టులో ఉన్నవాళ్ళెవరికీ నిలవలేదు. చేపలతట్ట దింపుకుని నూకరత్నం కూడా తల వంచింది.

"మా ఆయన టోపీ నాకు నిలవదమ్మగారూ. మీ ఇంట్లో చూశారా అండి?"

సంపూర్ణమ్మగారు వెనక్కొచ్చేసరికి రాజరత్నంగారు ఎండిపోయిన ఎంగిలిచేత్తో అలాగే కూర్చునున్నారు. ఆవిడ టోపీ ఆయన తలమీద పెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని అది జారడం కోసం చూశారు. జారలేదు. కొలతిచ్చి కుట్టించుకున్నట్టు కనుబొమల పైన ఆగింది.

"తీసెయ్యి సంపూర్ణా, నీకు పుణ్యముంటుంది."

"అమ్మాయి వచ్చే పంటండీ," అన్నారావిడ.

ఆయన లేచారు.

రేవులో పంటు నడిపే చిట్టియ్య టోపీ చూసి, తన స్టూలు ఇంజను పక్కకి జరిపి, "కూచోండి సరంగుగారూ," అన్నాడు. అవతలి ఒడ్డు తగిలేదాకా ఆయన కళ్ళు తెరవలేదు.

తబిత తండ్రిని చూసి నవ్వబోయి, టోపీ చూసి ఆగిపోయింది.

"మనం ఎక్కొద్దమ్మా. ఈ రాత్రికి ఇక్కడే ఉండిపోదాం," అన్నారాయన, కూతురి చెయ్యి వదలకుండా.

వరద మూలంగా ఆ రోజుకి అదే ఆఖరి పంటు. బళ్ళూ, బుట్టలూ, చంటిపిల్లల తల్లులూ ఎక్కుతూనే ఉన్నారు. తబిత వాళ్ళవంక చూసింది. "వీళ్ళందరూ ఎక్కేశారు కదా నాన్నా," అంది మెల్లగా. ఆయన కూతురి చెయ్యి పట్టుకునే పంటెక్కారు.

మన వైపు పంటు ఎక్కినవాళ్ళకి ఒక అలవాటుంది. ఒడ్డు ఇంకా బోలెడు దూరం ఉండగానే మోటారుసైకిళ్ళు స్టార్టుచేసి, నేను ముందంటే నేను ముందని ముందుకి తోసేస్తారు. ఆ రోజూ అదే చేశారు. బరువంతా ఒక కొసకి చేరింది. పంటు ముందు భాగం కుంగింది. ఎర్రనీళ్ళు చెక్కల మీదికెక్కి పాదాలు ముంచాయి. వెనకభాగం లేచిపోయి ఇంజను ఫ్యాను గాల్లో గిర్రున తిరుగుతూ అరిచింది. చంటిపిల్లలు గుక్కపట్టారు.

రాజరత్నంగారు 'ప్రభువా' అందామని నోరు తెరిచారు. చుట్టపొగకి బొంగురుపోయిన గొంతొకటి బయటికొచ్చింది.

"కదిలితే కాళ్ళిరగ్గొడతా! బళ్ళాపండి! ఎక్కడోళ్ళక్కడ కూకోండి! ముందున్నోళ్ళు ఒక్కొక్కళ్ళే ఎనక్కి రండి! చిట్టియ్యా, ఇంజనాపు. ఏటివాలుకి ఒదిలెయ్యి. కిందన ఇసకతిప్ప పట్టుకుంటాది!"

ఆఫీసులో బంట్రోతు మీద కూడా గొంతెత్తని మనిషి. అందరూ కూలబడ్డారు. ఒక్కొక్క బండే వెనక్కొచ్చింది. చెక్కల మీది నీళ్ళు జారిపోయాయి. పంటు వాలుకి కొట్టుకుపోతూ, పోతూ, తిప్పకి గరుక్కున తగిలి ఆగింది. ఒడ్డున నూకరత్నం చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని తను ఎరిగున్న ఆ గొంతునే వింటూ నిలబడింది.

మోకాల్లోతు నీళ్ళలో అందరూ ఒడ్డెక్కారు. ఆయనకి ధైర్యం వచ్చిందనుకుంటే పొరపాటు. తబిత పట్టుకోకపోతే ఒక్క అడుగు కూడా వేసుండేవారు కాదు.

ఇంటికొచ్చి సరంగు టోపీ మేకుకి తగిలించారు. ఏదో అనుమానమొచ్చి పక్కనున్న పోస్టుమ్యాన్ టోపీ తీసి తలమీద పెట్టుకున్నారు. జారలేదు. రైలు గార్డుది జారలేదు. ఫైరింజనుదీ, ఆ పక్కనున్న సిపాయి ఖాకీ టోపీ కూడా చక్కగా కనుబొమల పైనే ఆగాయి. గోడలనిండా ఉన్న చూర్లన్నీ తనవైపే తిరిగినట్టనిపించి, ఆయనకి ఏడుపొచ్చింది.

సంపూర్ణమ్మగారు వంటింటి గుమ్మంలోంచి అంతా చూశారు. మంచం కిందున్న ఆయన చెప్పులు తీసుకొచ్చి, వీధిగుమ్మం దగ్గర బయటివైపుకి తిప్పి పెట్టారు.

"ఇంక నేను వీధిలో తిరగక్కర్లేదన్నమాట," అన్నారు. కళ్ళనిండా నీళ్ళు.

అంతలో వెనక టప్పుమంది. ఏ టోపీ పడిందో తిరిగి చూసే ధైర్యం ఆయనకి లేదు. ముందు చెప్పులు తొడుక్కున్నారు.