పట్టు గుచ్చుకునే బిడ్డ

ధర్మవరంలో ఒక పట్టుచీర నేయడానికి ఇద్దరు మనుషులు చాలు. ఏడేళ్ల ఝాన్సీకి పట్టుపావడా కట్టడానికి ముగ్గురు కావాలి. తండ్రి గోవిందప్ప భుజాలు పట్టుకునేవాడు, తల్లి ప్రమీల బొందు బిగించేది, అవ్వ రంగనాయకమ్మ కాళ్లు అదిమిపెట్టేది. ఆ పనిలో అవ్వకు పాత అనుభవం ఉంది.

ఆ రోజు బంధువుల పెళ్లికి బయల్దేరేటప్పుడూ అంతే. పిల్ల గుక్కపట్టి ఏడ్చి, తండ్రి చేయి కొరికి, బొందు తెంచేసింది. చెంప మీద ఒకటి పడ్డాక ఊరుకుంది. ఊరుకుంది కదా అని అందరూ సంతోషించారు. పిల్లల ఏడుపు ఆగడమే మనకు కావలసింది. ఎందుకు ఆగిందో విచారించే తీరిక ఎవరికుంటుంది?

"పట్టు నేసే ఇంట్లో పుట్టి పట్టునే చింపుతాండాది. చౌడమ్మ తల్లి ఊరుకుంటుందా?" అన్నాడు గోవిందప్ప.

వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. ఏటా కులదేవత చౌడమ్మ జ్యోతిని ఊరేగించే నాడు, సొంత మగ్గం మీద నేసిన పట్టునే ఇంటి పిల్లలు కట్టుకుని జ్యోతి ముందు నడవాలి. జ్యోతికి ఇంకా పది రోజులుంది. ఝాన్సీ కోసం చిలకపచ్చ పావడా, జానెడు జరీ అంచుతో సిద్ధంగా ఉంది.

ఝాన్సీకి ఆటిజం అని హిందూపురంలో డాక్టరు చెప్పి మూడు నెలలైంది. బిడ్డ ఒక్కతే వస్తే చాలదు, ఇంటి పెద్దలు కూడా ప్రతి శనివారం తరగతికి రావాలన్నాడాయన.

"బిడ్డకు బాగలేకపోతే మనకెందుకు బడి?" అన్నాడు గోవిందప్ప. చీర ఇచ్చే గడువు దగ్గర పడిందని ప్రమీల మగ్గం దిగలేదు. చివరికి ఆ బడికి అరవై ఐదేళ్ల రంగనాయకమ్మ మిగిలింది.

"మూడో క్లాసులో మానేసినదాన్ని మళ్లీ చేరుస్తాండారు. పాసైతే ఉద్యోగం ఏమన్నా ఇస్తారేమో కనుక్కోరా," అని కొడుకుతో చెప్పి, మనవరాలి చేయి పట్టుకుని రైలెక్కింది.

దారంతా ఝాన్సీ కిటికీ ఊచకు నుదురు ఆనించి, ఊచ వణుకును వింటూ కూర్చుంది. పెనుకొండలో ఎక్కిన ఒకావిడ, "పాప మాట్లాడదా?" అని జాలిగా అడిగింది.

"మాట్లాడేవాళ్లు ఎక్కువైనారులేమ్మా," అంది అవ్వ.

తరగతి చెప్పే శైలజకూ ఇలాంటి కొడుకే ఉన్నాడు. అందుకే ఆమె మాటల్లో పుస్తకం వాసన తక్కువ. పిల్లలను పక్కగదిలో ఆడుకోనిచ్చి, పెద్దలందరికీ తలా ఒక గోనెపట్టా ముక్క ఇచ్చి, మెడ వెనక రవికలోకి, చొక్కాలోకి దోపుకోమంది.

"ఇదేం చదువు మేడం, మూటలెత్తే పనికి ట్రైనింగా?" అంది రంగనాయకమ్మ. అందరూ నవ్వారు.

"తీయకూడదవ్వా. నేనడిగిన వాటికి జవాబు చెప్పండి."

ఏడో ఎక్కం చెప్పమంది. పెళ్లి రోజు ఏ వారమో అడిగింది. కదలకుండా, నవ్వు మొహంతో కూర్చోమంది. నడుమ నడుమ బల్ల చరిచింది. అయిదు నిమిషాలు కాకముందే ఒక తండ్రి విసుక్కుని ముక్క పీకి అవతల పారేశాడు.

"ఇప్పుడు నేను మిమ్మల్ని చెంప మీద కొట్టాలా?" అని మెల్లగా అడిగింది శైలజ.

పారేసిన ముక్కను వంగి తీసింది.

"మన పిల్లల్లో కొందరికి జరీ అంచు, చొక్కా వెనక పట్టీ ఇట్లే గుచ్చుకుంటాయి. కొందరికైతే ఒళ్లు మండినట్టే ఉంటుంది. చెప్పుకునేందుకు మాట రాదు. అందుకే చింపుతారు, కొరుకుతారు, పరిగెత్తుతారు. మనం అదిమిపెట్టి గెలిచినామనుకుంటాం. బిడ్డకు అర్థమయ్యేది ఒకటే. తన నొప్పిని నమ్మేవాళ్లు ఈ ఇంట్లో లేరని."

అందరూ గోనెముక్కలు తీసేశారు. రంగనాయకమ్మ తీయలేదు.

"మేడం, ఇది ఈ కాలం పిల్లలకే వస్తాండాదా? ముందు గూడా ఉన్నిందా?"

"ముందు గూడా ఉన్నిందవ్వా. పేరు తెలిసినోళ్లు లేరు, అంతే."

అవ్వ గోనెముక్క తీయకుండానే తిరుగు రైలెక్కింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. గోవిందప్ప మగ్గం దిగి, చిలకపచ్చ పావడా ముందేసుకుని కూర్చున్నాడు.

"ఈసారి తొడిగినాక వెనకపక్క సూదితో కుట్టేద్దామమ్మా. బొందు ఉంటేనే గదా తెంచేది," అన్నాడు.

రంగనాయకమ్మ గడపలోనే నిలబడిపోయింది.

"మీ అన్నకు అట్లే కుట్టినా," అంది.

ఆ ఇంట్లో జయచంద్ర పేరెత్తి చాలా ఏళ్లయింది. గోవిందప్పకు అయిదేళ్లప్పుడు, పదేళ్ల అన్న జ్యోతి నాడు బావిలో పడి చనిపోయాడు. కాలు జారిందని చెప్పారు. అతనికి తెలిసింది అంతే.

"కాలు జారలేదు నాయనా. వానికి మాట రాలేదు. పట్టుచొక్కా తొడిగితే చించుకునేవాడు. మీ నాయన కొట్టేవాడు, నేను పట్టుకునేదాన్ని. ఆ ఏడాది నాకు తెలివి పుట్టింది. తొడిగి, వీపు మీద సూదీదారంతో కుట్టేసినా. పీక్కున్నాడు, రాలేదు. గోడకేసి వీపు రుద్దుకున్నాడు. జ్యోతి కదిలేటప్పుడు నా చెయ్యి విడిపించుకొని పరిగెత్తినాడు. బావి దాకా ఎవరికీ దొరకలేదు. పైకి తీసినప్పుడు గూడా కుట్టు ఊడలేదు. గట్టిగా వేసినా గదా."

ప్రమీల పోగు వదిలేసి మగ్గం దిగింది.

"ఎప్పుడూ చెప్పలేదేమ్మా?" అన్నాడు గోవిందప్ప.

"చౌడమ్మ తీసుకునిందన్నారు అందరూ. నాకూ ఆ మాటే సులువుగా ఉండె. వాడు చచ్చేదానికి పోలేదబ్బా. నీళ్లలో దిగితే మంట చల్లారుతుందని పోయినాడు. అది ఈ పొద్దు తెలిసె నాకు."

గోవిందప్ప పావడా మడత పెట్టాడు. పెట్టిన మడత విప్పి, మళ్లీ పెట్టాడు. తల్లి వైపు మాత్రం చూడలేకపోయాడు.

జ్యోతి నాడు ఝాన్సీ, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గౌనులో, డప్పులకు దూరంగా, ఇంటి గుమ్మంలో తండ్రి భుజం మీద ఉండి చూసింది. పక్కింటి కళావతి ఊరుకుంటుందా?

"నేసేవాళ్ల బిడ్డకు నూలుగుడ్డ ఏందప్పా? ఇంటి మర్యాద యాడికి పాయె?"

"మర్యాదకు ఒక బిడ్డను ఇచ్చినాంలే అక్కా. చాలు," అన్నాడు గోవిందప్ప.

ఆ మాట విని రంగనాయకమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. కొడుకు తనను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

మరుసటి శనివారం తరగతికి ముగ్గురు పెద్దలూ వచ్చారు. అగళి నుంచి జయప్రకాష్ అనే పడుచు తండ్రి, నాలుగేళ్ల కొడుకుతో కొత్తగా చేరాడు. అతడు కూర్చోకముందే అడిగాడు.

"ఎన్ని నెలలు వస్తే మావాడు మామూలు పిల్లోని మాదిరి అవుతాడు మేడం?"

శైలజ నోరు విప్పేలోగా రంగనాయకమ్మ లేచి నిలబడింది.

"నువ్వు బిడ్డను మార్చేదానికి వచ్చినావు నాయనా. నేనూ అట్లే వచ్చినా. ఈడ మారాల్సింది మనం. బిడ్డ చెప్తానే ఉంటాడు. ఏడ్చి చెప్తాడు, చించి చెప్తాడు, కొరికి చెప్తాడు. అది మాటే కాదని మనం దెబ్బ వేస్తాం. నా పెద్దకొడుకు పదేండ్లు చెప్పినాడు. నాకు వినేది తెలిసేతలికి ఇంకో ముప్పై అయిదేండ్లు పట్టె. వాడు అందాకా ఉండలేకపాయె. మీరట్ల కాకండి. బిడ్డ ఉండంగానే నేర్చుకోండి."