పునాది ఎత్తు

జన్మంతా ఆఫీసు కింది అంతస్తులో గుమాస్తాగిరీ వెలగబెట్టిన మనిషికి రిటైరయ్యాక ఎత్తు మీద మోజు పుట్టడంలో వింతేముంది? ఊరి బయట కొన్న స్థలం రోడ్డు పక్కన మొదలై ఏటవాలుగా గట్టు మీదికి పాకింది. ఇల్లు గట్టు నెత్తినే కట్టాలని గుమాస్తాగారు తీర్మానించారు. పక్క స్థలంలో, అదే వాలుకు నడిమధ్య ఇల్లు కట్టుకున్న తోడల్లుడు అక్కణ్ణుంచి కాళ్ల కిందే కనిపిస్తాడు మరి.

భార్యకు మోకాళ్లు అరిగిపోయాయి. స్థలం చూడబోయిన రోజే సగం దూరంలో ఓ రాయి మీద కూలబడింది. సొంతిల్లంటూ వచ్చాకైనా, ఒకరి చెయ్యి పట్టుకోకుండా తన గుమ్మం తను దాటాలని ఆవిడ ఆశ.

"రోడ్డు పక్కనే కట్టుకుందామండీ. నేను ఎక్కలేను."

"రోజూ ఎక్కితే మోకాళ్లే దారికొస్తాయి!" అన్నారాయన. మోకాళ్లు ఆయనవి కావుగా!

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయితే తోడల్లుడు ఔనంటే ఈయన కాదంటారని ఆవిడకు బాగా తెలుసు. చెల్లెలికి ఫోను చేసి సంగతి చెప్పుకుంది. ఆదివారం పొద్దున్నే చెల్లెలి మొగుడు, అదే ఆ తోడల్లుడు, వాళ్ల అద్దె ఇంటికి ఊడిపడ్డాడు.

"అన్నయ్యా, పైనే కట్టు. అంతకు మించిన చోటు లేదు," అన్నాడు, వదిన మొహం చూడకుండా.

అతను గేటు దాటాడో లేదో గుమాస్తాగారు అందుకున్నారు. "వాడు మెచ్చుకున్నాడంటే ఏదో మెలిక ఉంది. గట్టు మీద నీళ్లు పడవు, అదీ సంగతి! కిందే కడదాం. నన్నే బుట్టలో వేద్దామనుకున్నాడు!"

"మీరు కాబట్టి పసిగట్టారు," అందావిడ. మొగుణ్ణి పొగిడి ఎన్నేళ్లయిందో, ఆ మాట గొంతు దాటడానికే కష్టపడింది.

పని సాగినన్నాళ్లూ ఆవిడ పట్నంలో అద్దె ఇంట్లోనే ఉండిపోయింది. ఇల్లు ఎంతవరకొచ్చిందని అడిగితే "చూస్తావుగా" అనేవారాయన. సామానుతో దిగిన రోజు చూసింది. ఇల్లు రోడ్డు పక్కనే ఉంది. గుమ్మం మాత్రం ఆకాశంలో ఉంది. దాని దాకా నిటారుగా మెట్లు.

"పునాది లేపించాను! వాడి గుమ్మం కన్నా మనది జానెడు ఎత్తు!" అన్నారు గుమాస్తాగారు, ఛాతీ విరుచుకుని.

ఆవిడకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. గట్టు ఎక్కించొద్దంటే, ఈ మహానుభావుడు గట్టునే మోసుకొచ్చి వాకిట్లో పెట్టాడు!

మెట్ల పక్కన సిమెంటు బస్తాలు దాచిన రేకుల గది ఖాళీగా ఉంది. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అందులోకి నడిచి వెళ్లింది. స్టవ్వూ గిన్నెలూ అక్కడే దింపించింది.

"ఇదేం చోద్యం? వంటిల్లు పైనుంటే! చుట్టాలు నవ్వరూ?"

"నవ్వనివ్వండి. ఎక్కలేనని మొత్తుకున్నాను, మీరు వినలేదు. నా కాపురం ఇక్కడే. ఆకలేస్తే మీరే దిగండి."

గుమాస్తాగారు ఒంటి గంట దాకా పైనే బిగుసుకు కూర్చున్నారు. ఆ తర్వాత తోడల్లుడి ఇంటి వైపు ఓసారి చూసి, అక్కడ అందరూ వరండాలోనే ఉన్నారని తెలిసి కూడా, కంచం పట్టుకుని దిగారు.